మాంద్యపు రోజుల్లో కంప్యూటరు ఖర్చు

ఆర్థిక మాంద్యం అంటే ఏమిటో కామర్సు, ఎకనామిక్సు చదివే మిత్రులకు నేను చెప్పనక్కరలేదు. గిరాకీ పడిపోతుంది. సరుకు గోదాముల్లో పేరుకుపోతుంది. బ్యాంకులు అప్పులివ్వడానికి వెనకాడతాయి. ఉద్యోగాలు పోతాయి. పాఠ్యపుస్తకాల్లో ఇంతవరకూ ఉంటుంది. ఆ సమయంలో ఒక కంపెనీ నాలుగు గోడల మధ్య ఏం జరుగుతుందన్నది మాత్రం పుస్తకాల్లో అంతగా కనిపించదు. డైరెక్టర్లు కూర్చుంటారు, అకౌంట్సు ఆఫీసరు కాగితాలు ముందు పెడతాడు, "ఎక్కడ కోద్దాం?" అన్న ప్రశ్న వస్తుంది. అప్పుడు చాలాచోట్ల మొదట వేటు పడేది సాంకేతిక విభాగం మీద. కొత్త కంప్యూటర్లు, కొత్త సాఫ్ట్‌వేరు, పరిశోధన, సిబ్బంది శిక్షణ – ఇవన్నీ "తర్వాత చూద్దాం" అనే ఫైల్లోకి వెళ్ళిపోతాయి.

పల్లెటూళ్ళ నుంచి వచ్చిన మన వాళ్ళకు ఈ పరిస్థితి కొత్తది కాదు. కరువు ఏడాది గాదెలో ఉన్న విత్తనాల వడ్లు దంచుకు తినాలా వద్దా అన్న చర్చ ఎన్ని ఇళ్ళల్లో జరగలేదు! తింటే ఈ నెల గడుస్తుంది, తినకపోతే పిల్లలు పస్తుంటారు. ఆ ఇంటాయన మూర్ఖుడనీ చెప్పలేం, తెలివైనవాడనీ చెప్పలేం. కంపెనీల సంగతీ అంతే. కోతపెట్టే ప్రతి యాజమాన్యాన్నీ దూరదృష్టి లేనిదని తిట్టిపోయడం సులభమే. కాని అలా తిట్టేముందు, ఈ కోత ఎందుకు ఎప్పుడూ ఒకే చోట పడుతుందో తెలుసుకోవడం మంచిది.

ఒక చిన్న లెక్క చూద్దాం. ఇది నేను ఉదాహరణకు వేసిన లెక్కేగాని ఏ కంపెనీదీ కాదు. ఒక కంపెనీకి సాంకేతిక ఖర్చు ఏడాదికి 100 లక్షలు అనుకోండి. ఇందులో 55 లక్షలు ముందే కట్టుబడిపోయిన డబ్బు: సాఫ్ట్‌వేరు లైసెన్సులు, యంత్రాల ఎ.ఎం.సి., లైన్ల అద్దె, మూడేళ్ళకూ అయిదేళ్ళకూ సంతకాలు పెట్టిన ఒప్పందాలు. 25 లక్షలు ఉన్న వ్యవస్థను రోజూ నడిపే మనుషుల జీతాలు. మిగిలిన 20 లక్షలు కొత్త పనికి. పైనుంచి "అన్ని విభాగాలూ 20 శాతం తగ్గించండి" అని సర్క్యులరు వచ్చింది. 55 లక్షలను ముట్టుకోవడానికి లేదు, ముట్టుకుంటే అవతలివాడు కోర్టుకు పోతాడు. నడిపే మనుషుల్లో ఎంత గుంజినా 5 లక్షలకు మించి తగ్గదు, తగ్గిస్తే రేపు బిల్లులే రావు. ఇక మిగతా 15 లక్షలు ఎక్కడినుంచి తేవాలి? కొత్త పని నుంచి. అంటే కాగితం మీద 20 శాతం కోత, నిజానికి కొత్త పనిలో 75 శాతం కోత! ఎవరూ కావాలని చేసింది కాదిది. కోయడానికి వీలుగా దొరికినది భవిష్యత్తు ఒక్కటే. అదీ సంగతి.

రెండో కారణం జమాఖర్చుల పద్ధతిలో ఉంది. ఇది చాలామంది ఇంజనీర్లకు తెలియదు, తెలియకపోవడం వల్లనే బడ్జెటు మీటింగుల్లో ఓడిపోతుంటారు. 90 లక్షలు పెట్టి ఒక యంత్రం కొని, దానికి మూడేళ్ళ ఆయుర్దాయం కడితే, లాభనష్టాల పట్టికలో ఏడాదికి 30 లక్షలే తరుగుదల కింద కనిపిస్తుంది. కనుక ఈ ఏడు ఆ యంత్రం కొనడం మానేస్తే చేతిలో నగదు 90 లక్షలు మిగులుతుంది గాని, లాభం మాత్రం 30 లక్షలే పెరుగుతుంది. అదే 90 లక్షలూ పరిశోధన సిబ్బంది జీతాలైతే? ఆ ఏడాదే మొత్తం ఖర్చు రాయాలి. అమెరికాలో 1974లో వచ్చిన అకౌంటింగు నిబంధన, కొద్ది మినహాయింపులు తప్ప, పరిశోధన మీద పెట్టినదంతా అదే ఏట ఖర్చుగా చూపమంటుంది. మన దేశంలోనూ పరిశోధన దశలో పెట్టే ఖర్చుకు ఇదే సూత్రం. కనుక అక్కడ 90 లక్షలు కోస్తే లాభం అక్షరాలా 90 లక్షలు పెరిగినట్లు కనిపిస్తుంది.

దీన్నిబట్టి తేలేదేమిటి? నగదుకు కటకటపడే కంపెనీ యంత్రాలను ఆపుతుంది. వాటాదారులకు లాభం చూపాలని తహతహలాడే కంపెనీ మనుషుల్నీ పరిశోధననూ ఆపుతుంది. కాబట్టి సాంకేతిక ఖర్చును కాపాడదలచుకున్నవాడు ముందు ఆరా తీయవలసింది తమ కంపెనీకి వచ్చిన కొరత నగదుదా, లాభానిదా అని. నగదు కొరతైతే యంత్రం కొనకుండా అద్దెకు తీసుకుందామని చెప్పవచ్చు. లాభం కొరతైతే ఆ సలహా బెడిసికొడుతుంది. ఎందుకంటే అద్దె డబ్బు ఆ ఏడాది ఖర్చులోకే పోతుంది. రోగం తెలియకుండా మందిచ్చినట్లవుతుంది.

సరే, మాంద్యంలో కూడా చెయ్యి ముడుచుకోని వాళ్ళు ఎవరైనా ఉన్నారా అంటే, ఎక్కువగా వినిపించే పేరు ఐ.బి.ఎం. 1929 అక్టోబరులో న్యూయార్కు స్టాకు మార్కెట్టు కుప్పకూలినప్పుడు ఆ కంపెనీ అధిపతి థామస్ వాట్సన్. అప్పటికి ఈనాటి కంప్యూటర్లు లేవు. అట్టముక్కల మీద చిల్లులు పొడిచి, ఆ చిల్లుల్ని బట్టి లెక్కలు కట్టే టాబ్యులేటింగు యంత్రాలు వాళ్ళ వ్యాపారం. దేశమంతా ఫ్యాక్టరీలు మూతపడుతుంటే వాట్సన్ మాత్రం యంత్రాలు తయారు చేయిస్తూనే ఉన్నాడు. కొనేవాడు లేక అవి గోదాముల్లో నిండాయి. అంతటితో ఆగాడా? 1932లో పది లక్షల డాలర్లు వెచ్చించి న్యూయార్కు రాష్ట్రంలోని ఎండికాట్‌లో పరిశోధనశాల తలపెట్టాడు. మతిపోయిందని అనుకున్నవాళ్ళు తక్కువమంది ఉండి ఉండరు.

1935 ఆగస్టు 14న అమెరికా ప్రభుత్వం సాంఘిక భద్రతా చట్టం చేసింది. వృద్ధాప్యంలో పెన్షను ఇవ్వాలంటే ఆ చట్టం పరిధిలోకి వచ్చే ప్రతి మనిషి సంపాదనా లెక్కకట్టి దాచాలి. 2 కోట్ల 60 లక్షలమంది లెక్క! అన్ని యంత్రాలు తక్షణం ఇవ్వగలిగే స్థితిలో ఎవరున్నారు? గోదాముల నిండా సరుకున్న ఐ.బి.ఎం. కాంట్రాక్టు వాళ్ళకే వచ్చింది, తర్వాతి కథ అందరికీ తెలిసిందే.

ఈ కథను మేనేజిమెంటు పుస్తకాల్లో వాట్సన్ ధైర్యానికి నిదర్శనంగా చెబుతారు. నాకు అది సగం కథే అనిపిస్తుంది. ఐ.బి.ఎం. యంత్రాలను అమ్మేది కాదు, అద్దెకిచ్చేది. ఆ యంత్రాల్లో వాడే అట్టముక్కల్ని మాత్రం అమ్మేది. కొత్త గిరాకీ ఆగిపోయినా, పాత ఖాతాదార్ల నుంచి నెలనెలా అద్దె, అట్టల డబ్బు వస్తూనే ఉంటాయి. చేతిలో ఆ ఆదాయం ఉండబట్టి వాట్సన్ తెగించగలిగాడు. అది లేనివాడు అదే తెగింపు చూపితే దివాలా పిటీషను పెట్టుకునేవాడు. అలా మునిగిపోయినవాళ్ళ పేర్లు మనకు పుస్తకాల్లో దొరకవు, గెలిచినవాడి పేరే దొరుకుతుంది. పైగా 1935 చట్టం వస్తుందని 1930లో వాట్సన్‌కు కలగన్నా తెలిసి ఉండదు. అదృష్టం కూడా ఒక పాలు ఉంది.

ఇంటెల్ సంగతి మరో రకం. 2001లో డాట్‌కాం బుడగ పగిలినప్పుడు ఆ కంపెనీ ఏడాది అమ్మకాలు సుమారు 3,370 కోట్ల డాలర్ల నుంచి 2,650 కోట్ల డాలర్లకు పడిపోయాయి. అయినా అప్పటి అధిపతి క్రెయిగ్ బారెట్ ఆ సంవత్సరం ఫ్యాక్టరీలూ యంత్రాల మీద 700 కోట్ల డాలర్లకు పైగానే పెట్టాడు. కారణం ఏమిటి? అప్పుడు చిప్పుల తయారీ 8 అంగుళాల సిలికాన్ పళ్ళేల నుంచి 12 అంగుళాల పళ్ళేలకు మారుతోంది. వ్యాసం ఒకటిన్నర రెట్లయితే వైశాల్యం రెండుంపావు రెట్లు. ఒక్కొక్క పళ్ళెం మీద రెండింతలకు పైగా చిప్పులు వస్తాయి, చిప్పు ఒక్కింటికి ఖర్చు తగ్గుతుంది. మాంద్యం పోయేనాటికి ఎవరి దగ్గర ఆ ఫ్యాక్టరీ సిద్ధంగా ఉంటే మార్కెట్టు వాడిదే. పైగా ఇలాంటి ఫ్యాక్టరీ కట్టడానికి ఏళ్ళు పడుతుంది. గిరాకీ వచ్చాక కడదామంటే, కట్టేసరికి ఆ గిరాకీ కాస్తా పోతుంది.

2008 చివరి మూడు నెలల్లో ఇంటెల్ లాభం అంతకుముందు ఏడాది అదే కాలంతో పోలిస్తే 90 శాతం పడిపోయింది. 23 కోట్ల 40 లక్షల డాలర్లే మిగిలాయి. మరుసటి ఫిబ్రవరిలో, 2009లో, అప్పటి అధిపతి పాల్ ఒటెలినీ రెండేళ్ళలో 700 కోట్ల డాలర్లు అమెరికా ఫ్యాక్టరీల మీద పెడతామని ప్రకటించాడు. ఇదంతా మెచ్చుకోవలసిందే. అయితే అదే ఇంటెల్, డాట్‌కాం రోజుల్లో టెలికం చిప్పుల కంపెనీలను వెయ్యికోట్ల డాలర్లకు పైగా పోసి కొని, ఆ రంగంలో నిలదొక్కుకోలేక, 2006లో అందులో ముఖ్యమైన ఒక భాగాన్ని 60 కోట్లకు అమ్ముకుంది. తర్వాత 2010 దశకం రెండో సగంలో చిప్పుల తయారీలోనే వెనకబడింది. సాంకేతికం అనే పేరు తగిలించిన ప్రతి ఖర్చూ పుణ్యకార్యం కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

ఒకరిద్దరి కథలతో తృప్తిపడని వాళ్ళకోసం ఒక పరిశోధన సంగతి చెబుతాను. హార్వర్డుకు చెందిన రంజయ్ గులాటీ, నితిన్ నోహ్రియా, మరొకరు కలిసి 1980-82, 1990-91, 2000-02 మాంద్యాల్లో 4,700 కంపెనీలు ఎలా నెగ్గుకొచ్చాయో పరిశీలించి 2010లో ప్రచురించారు. వాటిలో 17 శాతం ఆ గండం గడవలేదు: దివాలా తీశాయి, లేదా ఇంకొకరి చేతుల్లోకి పోయాయి. గండం గడిచినవాటిలో, మాంద్యం పోయిన మూడేళ్ళకు కూడా తమ పాత వేగాన్ని అందుకోలేనివి సుమారు 80 శాతం. పోటీదారుల్ని కనీసం పది శాతం తేడాతో దాటిపోయినవి 9 శాతం మాత్రమే.

ఆ తొమ్మిది శాతం ఎవరు? గబగబా అందరికంటే ముందు, అందరికంటే లోతుగా కోసినవాళ్ళు కారు. మాంద్యం తర్వాత ముందుకు దూసుకుపోయే అవకాశం వీళ్ళకే అందరికంటే తక్కువ అని తేలింది. పోనీ, ఏమీ కోయకుండా ధారాళంగా పెట్టుబడి పెట్టినవాళ్ళా అంటే వాళ్ళూ కారు. పని జరిగే తీరు మార్చి ఖర్చు తగ్గించుకుంటూ, అలా మిగిల్చిన డబ్బును పరిశోధన, మార్కెటింగు, కొత్త ఆస్తుల మీద పెట్టినవాళ్ళు. వాళ్ళిచ్చిన ఉదాహరణ కాగితం, కలం అమ్మే దుకాణాలది. 2000 నాటి మాంద్యంలో ఆఫీస్ డిపో అనే సంస్థ సిబ్బందిలో 6 శాతం మందిని తీసేసింది. దాని పోటీదారు స్టేపుల్స్ నడవని దుకాణాలు కొన్ని మూసేసింది గాని, మొత్తంమీద సిబ్బందిని 10 శాతం పెంచుకుంది. చివరకు ముందుకు పోయింది స్టేపుల్సే.

ఖర్చు వాయిదా వేస్తే ఏమవుతుందన్నదానికి కూడా ఒక ఉదాహరణ కావాలి. 2022 డిసెంబరు చివరి వారాల్లో అమెరికాలో పెద్ద మంచు తుఫాను వచ్చింది. అన్ని విమాన కంపెనీలూ దెబ్బతిన్నాయి. మిగతావి కొద్దిరోజుల్లో కోలుకున్నాయి గాని సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ మాత్రం 16,900 సర్వీసులు రద్దు చేసి 20 లక్షలమందిని పండగపూట ఎక్కడివాళ్ళనక్కడ వదిలేసింది. విమానాలున్నాయి, పైలట్లున్నారు. ఏ పైలటు ఏ ఊళ్ళో ఉన్నాడో, ఏ విమానం ఎక్కించాలో చెప్పే సాఫ్ట్‌వేరు ఆ వత్తిడికి చేతులెత్తేసింది. గుమాస్తాలు టెలిఫోన్లలో ఒక్కొక్కరినీ వెతుక్కోవలసి వచ్చింది. ఈ ఏర్పాటు పాతబడిందని పైలట్ల సంఘం అంతకుముందే చాలాకాలంగా మొత్తుకుంటోంది. ఆ మూడు నెలల్లో కంపెనీకి పడిన దెబ్బ దాదాపు 80 కోట్ల డాలర్లు. మరుసటి ఏడాది ప్రభుత్వం 14 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. ఇది మాంద్యపు కోత వల్లే జరిగిందని నేననడం లేదు. "తర్వాత చూద్దాం" అనే ఫైలుకు కూడా వడ్డీ నడుస్తుందని మాత్రం అంటున్నాను.

మరి ఆ ఖర్చును కాపాడుకోవడం ఎలా? నాకు తోచినంతలో, యజమాని ముందు నిలబడి "టెక్నాలజీ లేకపోతే మనం వెనకబడిపోతాం" అని ఉపన్యాసమివ్వడం అన్నిటికంటే దండగమారి పద్ధతి. ఆ మాట మంచిరోజుల్లో చెల్లుతుంది. చెడ్డరోజుల్లో ప్రతి విభాగాధిపతీ అదే పాట పాడతాడు. దానికంటే, అడక్కముందే తన విభాగంలో తానే కోత చూపినవాడి మాటకు విలువ ఉంటుంది. ఏ కంపెనీలోనైనా వెతికితే దొరుకుతాయి: ఉద్యోగం మానేసి వెళ్ళినవాళ్ళ పేరుమీద కడుతున్న లైసెన్సులు, ఒకే పని చేసే రెండు సాఫ్ట్‌వేర్లు, రాత్రంతా ఎవరూ వాడకపోయినా నడుస్తున్న అద్దె సర్వర్లు. 2022-23లో జరిగింది అదే. అమెరికాలో వడ్డీరేట్లు పెరగగానే కంపెనీలన్నీ తమ క్లౌడ్ బిల్లుల్ని దులిపి చూసుకోవడం మొదలుపెట్టాయి. అమెజాన్ వారి క్లౌడ్ వ్యాపారం 2022 రెండో త్రైమాసికంలో 33 శాతం పెరిగితే, 2023లో అదే కాలానికి ఆ పెరుగుదల 12 శాతానికి దిగింది. వాడినంతకే డబ్బు కట్టే పద్ధతిలో కోత ఇంత సులభం. సొంత యంత్రాలు కొని పడేసిన రోజుల్లో ఈ వెసులుబాటు లేదు.

అలా మిగిల్చిన దాంట్లో కొంత తిరిగి కొత్త పనికి వాడుకుంటామని ముందే ఒప్పందం చేసుకోవాలి. లేకపోతే మిగిల్చినవాడికి మిగిలేది శూన్యం. ఇక కొత్త పనిని కూడా రెండేళ్ళ మహా ప్రాజెక్టుగా కాక మూడేసి నెలల ముక్కలుగా పెట్టడం మేలు. మొదటి మూడు నెలల్లో ఏదో ఒకటి పనికొచ్చేది చేతికి రావాలి. సగం కట్టిన ఇంట్లో కాపురం చేయలేం గాని, నాలుగు గదుల్లో ఒక గది పూర్తయితే తలదాచుకోవచ్చు. ప్రాజెక్టును అడగవలసింది కూడా కంప్యూటరు విభాగం కాదు, దానివల్ల బాగుపడే అమ్మకాలవారో, గోదామువారో అడగాలి. వాళ్ళ నోటితో వచ్చిన కోరికను అకౌంట్సువారు అంత తేలిగ్గా కొట్టేయలేరు. డేటా కాపీలు దాచడం, దొంగలు చొరబడకుండా కాపలా, చట్టప్రకారం తప్పని పనులు – ఇవి బేరానికి పెట్టనే కూడదు. వీటిని మామూలు ఖర్చులతో కలిపి రాస్తే కోతలో కలిసి కొట్టుకుపోతాయి. విడిగా రాయాలి.

మాంద్యంలో ఒక సదుపాయం కూడా ఉంది, దీన్ని మన వాళ్ళు తరచు మరిచిపోతారు. అమ్మేవాడికీ అవే చెడ్డరోజులు. మామూలప్పుడు మొహం చూడని సాఫ్ట్‌వేరు కంపెనీ ప్రతినిధి అప్పుడు తానే వచ్చి కూర్చుంటాడు. ధర దిగుతుంది. మంచి పనివాళ్ళు దొరుకుతారు. ఒప్పందాలు తిరగరాసుకోవడానికి అదే సమయం. పైన చెప్పిన లెక్కలో ముట్టుకోలేని 55 లక్షలు అప్పుడు కొంచెం మెత్తబడతాయి.

ఇదంతా మనకెందుకు, ఎక్కడో అమెరికా కంపెనీల గొడవ కదా అని కొందరికి అనిపించవచ్చు. 1998 నవంబరులో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పటి నుంచి మన కాలేజీల్లో చదివినవాళ్ళ జీతాల్లో పెద్ద భాగం, నిజానికి, అవతలి దేశపు బ్యాంకులో, బీమా కంపెనీలో, దుకాణాల గొలుసులో ఎవరో ఆఫీసరు సంతకం పెట్టే సాంకేతిక బడ్జెటే. అక్కడ కలం ఆగితే మాధాపూర్‌లో ప్రాజెక్టు ఆగుతుంది. 2001లో అమెరికా వెళ్ళిన తెలుగు కుర్రాళ్ళు ఎంతమంది పనిలేక బెంచి మీద కూర్చున్నారో, ఎంతమంది తిరిగొచ్చారో ఆ తరంవాళ్ళను అడిగితే చెబుతారు. 2008-09లోనూ, మళ్ళీ 2022-23లోనూ క్యాంపస్‌లో ఎంపికైనవాళ్ళు ఆఫరు లెటరు చేతిలో పట్టుకుని చేరే తేదీ కోసం నెలల తరబడి ఎదురుచూశారు. ఇంట్లో చదువు అప్పు కంతులు మొదలైపోయాయి, ఉద్యోగం మొదలుకాలేదు.

అయితే ఇక్కడా లెక్క ఒకే దిక్కుకు పోదు. 2001-02 మాంద్యంలో మన దేశపు సాఫ్ట్‌వేరు ఎగుమతుల పెరుగుదల మందగించిందే గాని ఎగుమతులు తగ్గలేదు. అమెరికా కంపెనీలు కొత్త పని ఆపాయి, కాని ఉన్న వ్యవస్థల్ని నడిపే పనిని చవగ్గా చేసేవాళ్ళకోసం వెతికాయి. వాళ్ళ 20 లక్షల్లో మన వాళ్ళు నష్టపోయారు, వాళ్ళ 25 లక్షల్లో కొంత లాభపడ్డారు.

కనుక ఈ ఏడాది ఇంటర్వ్యూలకు వెళ్ళే మిత్రులు జీతమెంత, ఊరేదన్నవి అడిగాక, మరో రెండు సంగతులు కూడా కనుక్కుంటే మంచిది. తమను వేసే ప్రాజెక్టు అవతలి కంపెనీకి రోజూ నడవవలసిన పనా, లేక కొత్తగా కట్టే పనా? దానికి డబ్బిచ్చేది అక్కడి కంప్యూటరు విభాగమా, లేక వ్యాపారం చేసే విభాగమా? మొదటి రౌండులో అడగడం కుదరదు గాని, ఎంపికైన తర్వాత ఆ కంపెనీలోనే పనిచేస్తున్న మన సీనియర్లను అడిగితే చెబుతారు.